అమ్మ నోట రాని మాట

"అక్కడే ఆగు! గడప దాటకు!"

కెంజెగుల్ ఒక బూటు విప్పి, రెండో బూటుతో గుమ్మంలోనే ఆగిపోయింది. ఇల్లంతా పొగ. కొండ మీంచి తెచ్చిన అర్చా చెట్టు రెమ్మలు పెనంలో చిటపటలాడుతున్నాయి. అత్తగారు బాత్మాకాన్ ఆ పెనం పట్టుకుని, పీట మీద కూర్చోబెట్టిన పిల్ల చుట్టూ తిరుగుతోంది.

"అలాస్, అలాస్! ఇరుగు కళ్లు పో, పొరుగు కళ్లు పో! బళ్లో కళ్లు పో, బజార్లో కళ్లు పో!"

పిల్ల పేరు తుర్సునాయ్. మూడో తరగతి. పొగకి కళ్లు ధారలు కడుతున్నా దగ్గదు, తుడుచుకోదు. నిన్న మధ్యాహ్నం బడి నుంచి వచ్చింది మొదలు దాని నోట మాట లేదు.

"అత్తయ్యా, పిల్లకి ఊపిరాడదు. కిటికీ తియ్యనా?"

"నువ్వేం తియ్యక్కర్లేదు. నిన్న తీశావుగా నోరు! అది చాలు మాకు."

అప్పుడు కనబడింది కెంజెగుల్‌కి. గోడ వార చుట్టి పెట్టిన రెండు పరుపులు, తాడు బిగించిన పెట్టె, దాని మీద పిల్ల చలికోటు.

"ఇదంతా ఏమిటి? ఎక్కడికి?"

"జుమ్‌గల్‌కి. మా తమ్ముడింటికి. పొద్దున్నే కారు వస్తుంది."

"మరి దాని చదువు?"

"జుమ్‌గల్‌లో బడి లేదా? అక్కడా టీచర్లున్నారు. వాళ్లు పాఠాలు చెప్తారు. కథలు చదివి పిల్లల్ని రోడ్డున పెట్టరు."

కెంజెగుల్ రెండో బూటు కూడా విప్పి, పొగలోంచే లోపలికి నడిచింది. అత్తగారు గడప దాటవద్దన్నాక ఆమె దాటడం ఈ ఇంట ఇదే మొదలు.

ఈ గొడవంతా ఒక పుస్తకం తెచ్చిపెట్టింది. చిన్న చిన్న అధ్యాయాలతో, మధ్యమధ్య బొమ్మలతో ఉండే పిల్లల పుస్తకం. పేరు 'వెనక వరసలో వేరా'. సముద్రం ఒడ్డు ఊరు. వేరా అనే పిల్ల ఒడ్డుకి లాగిన వలని ఒక్క చూపు చూసి ఎన్ని చేపలున్నాయో చెప్పేస్తుంది. బళ్లో మాత్రం దాన్ని దద్దమ్మ కింద జమకట్టి వెనక కూర్చోబెడతారు. నగరంలో శిక్షణకి వెళ్లినప్పుడు కెంజెగుల్‌కి ఈ పుస్తకాలు ఒక కట్ట ఇచ్చారు. రోజుకో అధ్యాయం చదవండి, తర్వాత పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి ఎవరిలో ఏం ప్రతిభ ఉందో వాళ్ల చేతే చెప్పించండి, ప్రతిభ లేని పిల్లంటూ ఉండదు అని చెప్పారు.

చెప్పినవాళ్లు అట్‌బాషిలో కాపురం చేసి ఉంటే ఆ మాట అనేవాళ్లు కారు. ఇక్కడ పిల్లని పొగడడమంటే పొయ్యి మీది పాలని పొంగి నేలపాలవమని పిలవడమే. ఉయ్యాలలో బిడ్డ ఎంత ముద్దుగా ఉన్నా "ఛీ, ఎంత వికారంగా ఉందో" అని పక్కకి తిరిగి తూ తూ అనాలి. తల్లి నవ్వుకుని కృతజ్ఞతగా టీ పోస్తుంది. ఆ సంగతి కెంజెగుల్‌కి తెలియక కాదు. ఆమె పుట్టిందీ ఇక్కడే, మెట్టిందీ ఇక్కడే.

అయినా చదివింది. క్లాసంతటికీ చదువుతున్నట్టు చదివింది గానీ, ప్రతి అధ్యాయం ఒక్క పిల్ల చెవిన పడాలనే చదివింది.

తుర్సునాయ్‌ని కన్నది కెంజెగులే. తొలి మనవరాలు నానమ్మ బిడ్డ అవడం ఈ ఊళ్లో ఆచారం. పుట్టిన నలభయ్యో రోజు స్నానం అయ్యాక పిల్లని బాత్మాకాన్ ఒళ్లో పెట్టారు. అప్పటినుంచీ తుర్సునాయ్‌కి బాత్మాకానే అమ్మ. కన్నతండ్రి తాలాయ్ దానికి అన్నయ్య. కన్నతల్లి కెంజెగుల్ ఇంట్లో వదిన, బళ్లో టీచర్. ఎవరు ఎవరికి పుట్టారో పిల్లతో సహా ఊరందరికీ తెలుసు. తెలిసిన మాటని పైకి అనకపోవడమే ఇక్కడి మర్యాద.

"సుయుంచు అడిగింది నన్ను!" అంది బాత్మాకాన్ పెనం పొయ్యి మీద విసురుగా పెట్టి. "తెలుసా నీకు? ఆ బూరుల్, రొట్టెల దుకాణం బూరుల్, వీధి చివర్నించి అరుచుకుంటూ వచ్చింది, సుయుంచు సుయుంచు అని! శుభవార్త తెచ్చాను, బహుమానం పెట్టమంది. తప్పిపోయిన గుర్రం దొరికిందేమో అనుకున్నా. చేతిలో ఉన్న కొత్త రుమాలు తీసి ఇచ్చేశా. ఇచ్చాక చెప్పింది. మీ తుర్సునాయ్ జిల్లాకే మేధావి అట కదా, మీ కోడలే క్లాసులో చెప్పిందట కదా, మా వాడొచ్చి చెప్పాడు అని!"

కెంజెగుల్‌కి ఆ మనిషి ముఖం, అత్తగారి ముఖం రెండూ కళ్లకి కట్టాయి. మరోరోజైతే నవ్వొచ్చేది.

"నా పిల్ల మీద దిష్టి తెచ్చినదానికి నా రుమాలు ఇచ్చి పంపాను. నీ చదువు పుణ్యమా అని!"

"అత్తయ్యా, నేను..."

"నువ్వు నన్ను అబద్ధాలకోరు అన్నావు. ముప్ఫై మంది పిల్లల ముందు. అన్నావా లేదా?"

అంది. ఆ సంగతి తలుచుకుంటే కెంజెగుల్‌కి ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి.

నిన్న వేరా గురించి చదవడం అయ్యాక పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టింది. "మీలో ఎవరికి ఏం ప్రతిభ ఉంది?" అంది. ఒకడు ఈల వేస్తే గొర్రెలన్నీ వెనక్కి తిరుగుతాయన్నాడు. ఒకమ్మాయి తను చుట్టిన పిండి ముద్దలన్నీ ఒకే కొలతలో ఉంటాయంది. ఇంకొకడు ఎంతసేపైనా ఏడవకుండా ఉండగలనన్నాడు, వెంటనే పక్కవాడు గిల్లి చూశాడు. క్లాసు సరదాగా ఉంది.

"మరి మన క్లాసులో వేరా లాంటివాళ్లు ఎవరు?"

వేళ్లన్నీ ఒకవైపే లేచాయి. బోర్డు మీద లెక్క రాసి టీచర్ సుద్దముక్క కింద పెట్టేలోపు జవాబు చెప్పే పిల్ల ఎవరో వాళ్లకి తెలియదా?

తుర్సునాయ్ లేచి నిలబడింది. సిగ్గుపడలేదు. తప్పు దిద్దుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది.

"కాదు టీచర్. నేను మొద్దుని. మా అమ్మ చెప్పింది. ఎవరొచ్చినా చెప్తుంది. మీకూ తెలుసుగా, మీరూ మా ఇంట్లోనే ఉంటారుగా. మీరెప్పుడూ కాదనలేదు."

పిల్లలు విరగబడి నవ్వారు. కెంజెగుల్‌కి ఒళ్లు తెలియలేదు.

"నువ్వు మొద్దువి కాదు! ఈ జిల్లా మొత్తం వెతికినా నీలాంటి తెలివైన పిల్ల దొరకదు. దిష్టి తగులుతుందని మీ అమ్మ అబద్ధం చెప్తోంది!"

నవ్వు ఆగిపోయింది. తుర్సునాయ్ కూర్చుంది. ఆ కూర్చోవడం కూర్చోవడమే, మళ్లీ నోరు విప్పలేదు.

"అన్నాను," అంది కెంజెగుల్ ఇప్పుడు. "పిల్లల ముందు అనడం తప్పే. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను. కానీ మాట అబద్ధమా అత్తయ్యా?"

బాత్మాకాన్ పిల్లని రెక్క పట్టుకుని లేపి, పక్క గదిలోకి తీసుకెళ్లి, దుప్పటి కప్పి, తెర దించి వచ్చింది.

తాలాయ్ వచ్చేసరికి పొగ పల్చబడింది గానీ ఇల్లు చల్లబడలేదు. అతను పరుపుల చుట్టలు చూశాడు, తల్లిని చూశాడు, భార్యని చూశాడు. చేతులు కడుక్కోవడానికి చాలాసేపు తీసుకున్నాడు. పెద్ద గొడవల్లో చేతులు కడుక్కోవడం అతనికి మొదట్నించీ అలవాటు.

ముగ్గురూ నేల మీద పరిచిన బట్ట చుట్టూ కూర్చున్నారు. రొట్టె, మీగడ, నిన్నటి ఉడికించిన మాంసం. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"మీరైనా చెప్పండి," అంది కెంజెగుల్ భర్తతో.

"ఏం చెప్పను? అమ్మ కొన్నాళ్లు మామయ్య ఇంట్లో ఉండి వస్తుందంతే. గాలి మార్పు."

"రాదురా," అంది తల్లి. "గాలీ కాదు, దుమ్మూ కాదు. నేనూ నా కూతురూ అక్కడే ఉంటాం. ఈవిడ కథలు చదవడం అయ్యాక కబురు పెట్టు."

"అత్తయ్యా, ఒక్కమాట వినండి. అది లెక్కలు తప్పు చెయ్యట్లేదు. సరైన జవాబే రాస్తోంది. రాసి కొట్టేస్తోంది. ఎందుకే కొట్టేశావంటే, 'నాకు రాదుగా, ఇది తప్పే అయ్యుంటుంది' అంటుంది. పేజీ పేజీకీ అంతే. జవాబు రాయడం, కొట్టేయడం. నోటితో టకటకా చెప్తుంది, కాగితం మీద పెట్టేసరికి నమ్మకం పోతుంది. మీరు ముద్దుకే అంటారు మొద్దని. నాకు తెలుసు. దానికి తెలియదు."

"కొట్టేస్తే కొట్టేసింది. బతికుందిగా!"

ఆ కేకకి తాలాయ్ తలెత్తాడు.

"నీకేం తెలుసే?" బాత్మాకాన్ గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. "నువ్వీ ఇంటికి రాకముందు మాట. ఆయ్‌సులూ ఉండేది. వీడి అక్క. ఐదేళ్లకి ఏడు తరాల తాతల పేర్లూ గడగడా చెప్పేది. ముందునించి చెప్పి, మళ్లీ వెనకనించి చెప్పేది. పెళ్లిలో, విందులో నేనే నిలబెట్టి చెప్పించేదాన్ని. వయసులో ఉన్నాను, పొగరు. ఒకరోజు నారీన్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఇంత తెలివి ఈ వయసులో నేనెక్కడా చూడలేదమ్మా అన్నాడు. నేను నవ్వాను. తూ అని ఉమ్మలేదు. నవ్వాను."

బాత్మాకాన్ ఒక వేలు మడిచి, రెండోది పట్టుకుంది.

"ఆయ్‌సులూ పోయింది. దాని తర్వాత జుమాగుల్. అది మాటకారి. దాన్నీ పొగిడారు. దాన్నీ పట్టుకెళ్లి కొండ కింద పెట్టొచ్చాను."

"అమ్మా, అది తట్టు," అన్నాడు తాలాయ్. "ఆ ఏడు ఊరంతా వచ్చింది."

"ఊరంతా వచ్చింది. బూరుల్‌కి రాలేదా? వచ్చింది. దాన్నెవడూ ఎప్పుడూ పొగడలేదు, ఎనభై కిలోలుంది ఇవాళ. నా పిల్లలే పోయారు. అందుకే దీనికి 'ఉండిపో' అని అర్థం వచ్చేలా తుర్సునాయ్ అని పేరు పెట్టుకున్నాను. మొద్దు అన్నాను, పిడక అన్నాను, కుక్కపిల్ల అన్నాను. నోరు నొప్పి పుట్టేలా తిట్టుకున్నాను. అది నిద్రపోయాక..." ఆగిపోయింది. "అది నిద్రపోయాక కూడా అనలేదు. మనసులో కూడా అనుకోలేదు. అంత భయం నాకు."

ఇద్దరు పిల్లలు పోయారని కెంజెగుల్‌కి తెలుసు. ఎలా పోయారని ఈవిడ అనుకుంటోందో ఎప్పుడూ వినలేదు. ఈ ముసలామె మీద జాలితో గుండె నీరైంది. అక్కడితో ఆగి ఉంటే బావుండేది. కానీ గోడ వార కట్టిన పెట్టె కళ్లెదురుగా ఉంది.

"నేను మీకిచ్చాను అత్తయ్యా. మీరు చెయ్యి చాపారు, ఇచ్చాను. పాలు గడ్డకట్టి జ్వరం వస్తే గోడవైపు తిరిగి పడుకున్నాను. అది మొదటిసారి నన్ను వదినా అని పిలిస్తే, పలికాను. ఎప్పుడైనా ఒక్కమాట అడిగానా? ఇప్పుడు అడుగుతున్నాను. దాన్ని నా కూతురనక్కర్లేదు. తనకి తెలివుందని మాత్రం దాన్ని నమ్మనివ్వండి. నమ్మకపోతే అది జీవితమంతా కొట్టేసుకుంటూనే ఉంటుంది."

"ఇచ్చినదాన్ని ఎత్తిపొడుస్తున్నావా?"

"ఎత్తిపొడవడం కాదు..."

"ఎత్తిపొడుపే. ఇచ్చి, ఇన్నేళ్లకి వసూలుకొచ్చావు. వేరా అట, చేపలట! ఆ కథ చదివింది పిల్లల కోసం కాదు. నా ఒళ్లోంచి లాక్కోవడానికి చదివావు."

అందులో వీసమెత్తు నిజం ఉందేమో అని కెంజెగుల్‌కే అనుమానం వచ్చింది.

బాత్మాకాన్ చెయ్యి చాచి కోడలి ముందున్న టీపాత్ర లాక్కుంది. ఈ ఇంట టీ పోసే పని కోడలిది. గిన్నెలో సగానికి పోసి ఇవ్వాలి, అయిపోతే మళ్లీ సగం, మళ్లీ సగం. సగం గిన్నె అంటే ఇంకాసేపు కూర్చో అని. అత్తగారు ఒక ఖాళీ గిన్నె తీసుకుని, అంచుదాకా నింపి, తొణక్కుండా కోడలి ముందు పెట్టింది.

నిండు గిన్నె. తాగి వెళ్లిపో అని.

"అమ్మా!" అన్నాడు తాలాయ్. "అదేం పని?"

"తాగనీ."

కెంజెగుల్ ముఖంలో రక్తం లేదు. వచ్చిన అతిథిని కూడా ఎవరూ ఇలా పంపరు. ఆమె రెండు చేతులా గిన్నె ఎత్తింది. వేడివేడి టీ ఆగకుండా తాగింది. నాలుక కాలింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఖాళీ గిన్నె మళ్లీ అత్తగారి ముందుకి చాపింది.

"ఇంకోటి పొయ్యండి. నేనెక్కడికీ వెళ్లను. మీరూ వెళ్లరు."

అత్త కోడలిని చూసింది. కోడలు అత్తని చూసింది. తాలాయ్ మళ్లీ చేతులు కడుక్కోవడానికి లేవబోయి, ఎందుకో సిగ్గేసి కూర్చుండిపోయాడు.

"అమ్మా."

గొంతు బొంగురుగా ఉంది. ముగ్గురూ ఒకేసారి తిరిగారు.

తెర పక్కన తుర్సునాయ్ నిలబడి ఉంది. వంటి మీద రాత్రి గౌను, పొగకి ఎర్రబడ్డ కళ్లు. నిన్నటినుంచీ మొదటి మాట అది.

"నా బంగారు..." అనబోయి బాత్మాకాన్ నాలుక కరుచుకుంది. "లేచావేమే మొద్దూ? నేల చల్లగా ఉంది. పో, పడుకో."

"నువ్వు అబద్ధం చెప్పావా, వదిన చెప్పిందా?"

"పెద్దల మధ్య నీకేం పని?"

"ఇద్దర్లో ఒకరు చెప్పారు. ఇద్దరి మాటా నిజం అవదు కదా." పిల్ల వచ్చి బట్ట పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. మధ్యలో ఉన్న రొట్టె రెండు చేతులా తీసి అమ్మ ముందు పెట్టింది. "దీని మీద చెయ్యేసి చెప్పు."

బాత్మాకాన్ వెనక్కి జరిగింది. రొట్టె మీద ఒట్టంటే ఆటలు కాదు. రొట్టె మీద చెయ్యేసి అబద్ధమాడినవాళ్ల ఇంట పిండి నిలవదంటారు. ఇన్నేళ్లలో ఆవిడ ఎన్నడూ అలా ఒట్టు వేసి ఎరగదు.

"వద్దులే తల్లీ," అంది కెంజెగుల్ తనకి తెలియకుండానే. "వద్దులే. తర్వాత మాట్లాడుకుందాం."

"నేను బళ్లో మొద్దునని చెప్పాను. అందరూ నవ్వారు," అంది తుర్సునాయ్. "అది తప్పు జవాబైతే దిద్దుకోవాలి కదా. ఏది కొట్టెయ్యాలో చెప్పమ్మా."

పొయ్యిలో బొగ్గు ఒకటి ఒరిగి చప్పుడైంది. బాత్మాకాన్ తలగుడ్డ సరిచేసుకుంది, మళ్లీ సరిచేసుకుంది. చివరికి ముడతలు పడ్డ చెయ్యి చాచి రొట్టె మీద పెట్టింది.

"మొద్దువి కాదు," అంది.

వినీ వినపడనట్టు అంది. అన్నాక మాటలు ఆగలేదు, కట్ట తెగినట్టు వచ్చేశాయి. "మొద్దువి కాదే. ఈ ఇంట నీ అంత తెలివైన పిల్ల పుట్టలేదు. నడక రాకముందే నా దుస్తుల గుండీలు లెక్కపెట్టేదానివి. నీ వదిన చెప్పిందే నిజం. నేనే అబద్ధం చెప్పాను."

కెంజెగుల్ ఏడ్చేసింది. ఇన్నేళ్లలో అత్తగారి నోటినుంచి రాని మాట. ఇక పెట్టె కట్లు విప్పుకోవచ్చు. సోమవారం పిల్ల వెళ్లి తన బెంచీలో కూర్చుంటుంది, పేజీ మీద రాసిన జవాబుని అలాగే ఉంచుతుంది. ఆమె చెయ్యి చాచి అత్తగారి మోకాలు పట్టుకుంది. ముసలామె విదిలించుకోలేదు.

తాలాయ్ ఒక్కడే పిల్ల ముఖం చూశాడు.

తుర్సునాయ్ నవ్వలేదు. తెర వెనక నిలబడి ఆయ్‌సులూ కథ మొదట్నించి చివరిదాకా విన్న పిల్ల అది. వేళ్లు ఒళ్లో పెట్టుకుని, లెక్క మొదలుపెట్టే ముందు కూర్చున్నట్టే కూర్చుంది.

"అమ్మా," అంది, "ఆ పెద్దమనిషి పొగిడాక ఆయ్‌సులూ అక్క ఎన్ని రోజులు బతికింది?"